తపాలా ఓటు: కవరు ఎవరికి, తెర ఎవరికి?

2023 నవంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలకు నాకు ప్రిసైడింగ్ అధికారిగా విధులు పడ్డాయి. పోలింగుకు కొద్ది రోజుల ముందు ఫెసిలిటేషన్ కేంద్రానికి వెళ్ళి నా ఓటు వేశాను. ఒక గది, మూలన అట్టతో కట్టిన చాటు, ధ్రువీకరణకు ఒక గెజిటెడ్ అధికారి. ఫారం 13-ఏ మీద సంతకం పెట్టి, బ్యాలెట్టును చిన్న కవరులో, ఆ కవరునూ ఫారాన్నీ పెద్ద కవరులో ఉంచి డబ్బాలో వేయడానికి పది నిమిషాలు పట్టలేదు. పోలింగు ముందురోజు ఎన్నికల సామగ్రితో మమ్మల్ని ఊరికి చేర్చిన బస్సులో ఒక కుర్రవాడు క్లీనరుగా వచ్చాడు. "నీ ఓటెక్కడ తమ్మీ?" అని అడిగాను. "ఊర్ల ఉంది సార్. రేపు మీ పెట్టెలు మళ్ళ తీస్కపోవాలె గద, నేనెట్ల పోత?" అన్నాడు. ఎన్నికల కోసం తీసుకున్న వాహనాల డ్రైవర్లకు, క్లీనర్లకు కూడా పోస్టల్ బ్యాలెట్ సౌకర్యం ఉంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నేను అడిగేసరికి గడువు దాటిపోయింది. మరునాడంతా అతను బడి ఆవరణలో బస్సు నీడన కూర్చుని, వేరే ఊరివాళ్ళు ఓటు వేయడం చూశాడు.

తపాలా ఓటు మీద మన దగ్గర జరిగే చర్చంతా మోసం చుట్టూ తిరుగుతుంది. కవర్లు మార్చారా, దొంగ సంతకాలు పెట్టారా, చెల్లని ఓట్లను చెల్లించారా అన్నవే ప్రశ్నలు. ఇవి అనవసరమైన ప్రశ్నలు కావు. అయితే వీటికంటే ముందు అడగవలసినవి రెండున్నాయి. ఆ కవరు ఎవరి చేతికి అందుతోంది? కవరు అందినవాడికి ఎవరి కంటా పడకుండా ఓటు వేసే చాటు ఉందా? కులసమాజంలో ఈ రెండు ప్రశ్నలనూ వదిలేసి ఎన్నికల నిజాయితీ గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది.

తపాలా ఓటు పెద్ద ఎత్తున నడిచే దేశాల అనుభవం నుంచి మొదలుపెడదాం. అమెరికాలో 2020 అధ్యక్ష ఎన్నికల్లో కోవిడ్ కారణంగా ఓటర్లలో 43 శాతం మంది తపాలా ద్వారా ఓటు వేశారని ఆ దేశ జనగణన సంస్థ లెక్కగట్టింది. ఓడిపోయిన ట్రంప్ ఆ ఓట్లన్నీ మోసమన్నారు. ఆయన పక్షం వేసిన దావాలు అరవైకి పైగా కోర్టుల్లో వీగిపోయాయి. అయినా ఆ అనుమానం చావలేదు. 2025లో రెండోసారి పదవిలోకి వచ్చాక తపాలా ఓటును కట్టడి చేసేందుకు ఆయన కార్యనిర్వాహక ఉత్తర్వు జారీచేశారు.

అంటే తపాలా ఓటులో మోసం అసలే జరగదా? జరుగుతుంది. 2018లో నార్త్ కరోలినా తొమ్మిదో కాంగ్రెస్ నియోజకవర్గంలో రిపబ్లికన్ అభ్యర్థి 905 ఓట్లతో ముందున్నాడు. బ్లేడెన్ కౌంటీలో, పేదలు, నల్లజాతి ఓటర్లు గణనీయంగా ఉన్న గ్రామీణ ప్రాంతంలో, అతని కోసం పనిచేసిన ఒక దళారి కూలికి మనుషుల్ని పెట్టి ఇంటింటికీ తిప్పాడు. ఓటర్ల నుంచి బ్యాలెట్లు సేకరించాడు. కొన్నింటిని వాళ్ళే నింపారు. రాష్ట్ర ఎన్నికల బోర్డు విచారణ జరిపి 2019 ఫిబ్రవరిలో మళ్ళీ ఎన్నిక జరపాలని ఏకగ్రీవంగా ఆదేశించింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ మోసం ఏదో కనపడని కుట్రగా, లక్షల కవర్ల మార్పిడిగా జరగలేదు. బలహీనుడి గుమ్మం ముందు దళారి నిలబడి, "ఇటియ్యి, నేను వేస్తాలే" అనడంగా జరిగింది.

మోసం ఏమీ లేకపోయినా అన్యాయం జరగవచ్చునని అమెరికా అనుభవమే చెబుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎన్నికలు దాదాపు పూర్తిగా తపాలా ద్వారానే జరుగుతాయి. ఆ రాష్ట్ర ఆడిటర్ 2022లో ఒక నివేదిక ఇచ్చారు. 2020 ఎన్నికల్లో తెల్లవారి బ్యాలెట్లతో పోలిస్తే నల్లజాతి ఓటర్ల బ్యాలెట్లు నాలుగు రెట్ల శాతంలో తిరస్కరణకు గురయ్యాయని అందులో తేలింది. సంతకం సరిపోలలేదన్నది ప్రధాన కారణం. అధికారులు పక్షపాతం చూపినట్టు ఆడిటర్‌కు ఆధారం దొరకలేదు. అయినా ఫలితం అది. నిబంధన అందరికీ ఒకటే అయినప్పుడు కూడా దాని దెబ్బ అందరి మీదా ఒకేలా పడదన్న ఈ సత్యం కులం గురించి ఆలోచించేవాళ్ళకు కొత్తది కాదు.

కులానికి మరింత దగ్గరైన ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. అక్కడ ఈ శతాబ్దం మొదట్లో కోరినవారందరికీ తపాలా ఓటు ఇచ్చారు. 2004లో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ ఎన్నికల్లో బోర్డ్‌స్లీ గ్రీన్, ఆస్టన్ వార్డుల్లో పెద్ద ఎత్తున తపాలా ఓట్ల అక్రమాలు జరిగాయని 2005లో ఎన్నికల న్యాయమూర్తి రిచర్డ్ మారే తీర్పిచ్చారు. లేబర్ పార్టీకి చెందిన ఆరుగురు కౌన్సిలర్ల ఎన్నిక రద్దయింది. ఆ తర్వాత 2015లో బ్రిటన్ ఎన్నికల కమిషన్ పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలున్న సమాజాల్లో ఓటింగ్ తీరు మీద పరిశోధన చేయించింది. అందులో ప్రముఖంగా వినిపించే మాట బిరాదరీ. వంశబంధం, కులబంధం కలగలిసిన సంబంధం అది. బిరాదరీ పెద్ద ఏ పార్టీ వైపు చేయి చూపితే ఆ ఇళ్ళ ఓట్లన్నీ ఆ పార్టీకే పోవాలన్న ఒత్తిడి ఉంటుంది. పోలింగ్ బూత్‌లో అయితే ఆ ఇంటి కోడలు తెర చాటుకు వెళ్ళి తన ఇష్టం వచ్చిన గుర్తు పెట్టుకోగలదు. వంటింటి బల్ల మీద, మామగారి కళ్ళ ముందు కవరు విప్పినప్పుడు ఆమెకు ఆ చాటు ఎక్కడిది? తప్పు ఆ సమాజాలది మాత్రమే అనడం అన్యాయం. ఆ పెద్దమనుషుల్ని దళారులుగా వాడుకున్నవి అక్కడి ప్రధాన పార్టీలే.

బిరాదరీకి మన భాషలో పర్యాయపదం వెతకనక్కరలేదు. 'గంపగుత్త' అన్న మాట ఇప్పటికీ మన ఎన్నికల వార్తల్లో ఉంది. ఫలానా కులం ఓట్లు, ఫలానా వాడ ఓట్లు గంపగుత్తగా ఫలానా నాయకుడి చేతిలో ఉన్నాయని రాస్తాం. ఆ గుత్తను మొదట దెబ్బతీసింది రహస్య ఓటు. మా నాయనమ్మ ఓటు వేసి రాగానే పటేలు మనిషి ఎదురొచ్చి "ఎవరికేసినవే?" అని అడిగేవాడు. "మీరు చెప్పినోళ్ళకే" అని ఆమె చెప్పేది. లోపల ఏ గుర్తు మీద ముద్ర గుద్దిందో మా తాతకు కూడా చెప్పలేదు. దొర పొలంలో కూలి చేసుకుని బతికే ఒక మాల స్త్రీకి ఏడాదికి మూడువందల అరవై నాలుగు రోజులు లేని స్వేచ్ఛ ఆ అట్ట చాటున అర నిమిషం దొరికేది. అంబేడ్కర్ సార్వత్రిక వయోజన ఓటుహక్కు కోసం సైమన్ కమిషన్ ముందు నుంచీ పట్టుబట్టి సాధించినది ఓటు చీటీ ఒక్కటే కాదు. ఆ చాటు లేకుండా ఆ చీటీకి విలువ లేదు. అందుకే ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షను ఎవరికి ఓటు వేశావో చెప్పమని ఏ ఓటరునూ బలవంతపెట్టరాదని శాసించింది.

ఈ వెలుగులో 2024 ఆంధ్రప్రదేశ్ వివాదాన్ని చూడాలి. ఆ ఎన్నికల్లో పోలైన పోస్టల్ బ్యాలెట్లు సుమారు ఐదు లక్షలు. 175 నియోజకవర్గాలకు సగటున చూస్తే ఒక్కోచోట దాదాపు మూడు వేలు. హోరాహోరీ పోటీ ఉన్నచోట గెలుపోటములు తేల్చగల సంఖ్య అది. పోలింగ్ ముగిసి లెక్కింపు దగ్గరపడుతుండగా, ఫారం 13-ఏ మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉంటే చాలు, పేరు, హోదా, ముద్ర లేకపోయినా ఆ ఓటును చెల్లుబాటుగా పరిగణించాలని ఆదేశాలు వెలువడ్డాయి. అప్పటి అధికారపక్షం వైఎస్సార్ కాంగ్రెస్ దీన్ని హైకోర్టులో సవాలు చేసింది. ఎన్నికల ప్రక్రియ నడుస్తుండగా జోక్యం చేసుకోలేమని హైకోర్టు చెప్పింది. జూన్ 3న, లెక్కింపుకు ఒకరోజు ముందు, సుప్రీంకోర్టు కూడా జోక్యానికి నిరాకరించింది.

నా అభిప్రాయం దాచుకోను. అధికారి ముద్ర వేయడం మరచిపోతే ఓటరు ఓటు పోగొట్టుకోవడం న్యాయం కాదు. ఆ మేరకు ఆదేశం సరైనదే. కానీ ఓట్లు కవర్లలో పడిపోయాక, అవి ఎటు మొగ్గుతాయోనన్న అంచనాలు ఊరంతా పాకిన తర్వాత నిబంధనకు కొత్త వివరణ ఇవ్వడం అనుమానానికి తావిచ్చింది. నిబంధన ఆట మొదలుకాకముందే స్పష్టంగా ఉండాలి. 2020 బిహార్ ఎన్నికల్లో హిల్సా నియోజకవర్గం ఫలితం 12 ఓట్ల తేడాతో తేలింది. అక్కడ తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు 182. ఓడినవాడి మనసులో ఆ 182 కవర్లు ఎప్పటికీ తెరుచుకోని ప్రశ్నగానే మిగులుతాయి. పోస్టల్ బ్యాలెట్ల లెక్కింపు పూర్తయ్యాకే ఈవీఎంల చివరి నుంచి రెండో రౌండు మొదలుపెట్టాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల కమిషన్ ఆదేశించింది. ఇది ఆలస్యంగానైనా మంచి అడుగు. అంతకుముందు 2023లో నిబంధనలు సవరించి, ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు ఫెసిలిటేషన్ కేంద్రంలోనే ఓటు వేయాలన్నారు. ఇది ఇంకా మంచి అడుగు. ఇంటికి తీసుకెళ్ళిన బ్యాలెట్టు బేరానికి, ఒత్తిడికి లొంగుతుందన్న అనుభవం నుంచే ఆ సవరణ పుట్టింది. కవరుకు తెర కావాలని రాజ్యం తనంతట తానే ఒప్పుకుందన్నమాట.

అయితే ఆ కవరు, ఆ తెర ఎవరికి దక్కాయి? సైనికులకు, విదేశాల్లోని దౌత్య సిబ్బందికి, ఎన్నికల విధుల్లో ఉన్నవారికి, కొన్ని అత్యవసర సేవల వారికి, 85 ఏళ్ళు దాటిన వృద్ధులకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి. ఎవరికీ దీన్ని కాదనవలసిన పని లేదు. ఉద్యోగుల్లో దళితులు, బహుజనులు లేరనీ కాదు. రిజర్వేషను లేకపోతే నేను ఆ ఫెసిలిటేషన్ కేంద్రం గడప తొక్కేవాడినే కాదు. కానీ ఈ జాబితాను ఒక్కసారి తిరగేసి చూడండి. రాజ్యం పంపగా ఊరు విడిచినవాడి ఓటును రాజ్యం వెంట తెచ్చి ఇస్తోంది. ఆకలి పంపగా ఊరు విడిచినవాడి ఓటు ఊళ్ళోనే పడి ఉంటోంది.

ఇదే తర్కం జైలు గోడల దగ్గర మరింత నగ్నంగా కనిపిస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షను ప్రకారం జైలులో ఉన్నవారెవరూ ఓటు వేయరాదు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది, వారు తపాలా ద్వారా ఓటు వేయవచ్చు. నేరం రుజువుకాని విచారణ ఖైదీకి ఆ హక్కు లేదు. 1997లో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని సమర్థించింది. జైళ్ళలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. 2019 చివరినాటికి దేశంలోని సుమారు 4.78 లక్షల ఖైదీల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కలిసి 65.9 శాతమని కేంద్ర హోంశాఖ 2021లో రాజ్యసభకు చెప్పింది. పూచీకత్తు కట్టగలవాడు బయటికొచ్చి ఓటు వేస్తాడు, పోటీ కూడా చేస్తాడు. కట్టలేనివాడు, అదే అభియోగం మీద, ఓటు కూడా పోగొట్టుకుంటాడు. దీన్ని నేరానికి శిక్ష అనలేం. పేదరికానికి శిక్ష అనాలి.

ఇక వలస. పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు వెళ్ళే భవన నిర్మాణ కూలీలు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి గుంటూరు మిరప కోతలకు తరలే కుటుంబాలు, శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్ళే మత్స్యకారులు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు. ఒడిశా బలంగీర్ నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే దళితులు, ఆదివాసులు కూడా ఈ లెక్కలోకే వస్తారు. బట్టీల కాలం కార్తీకం తర్వాత మొదలై తొలకరి దాకా సాగుతుంది. లోక్‌సభ ఎన్నికలు జరిగేది ఏప్రిల్, మే నెలల్లో. బయానా తీసుకున్న కుటుంబం బట్టీ వదిలి ఓటుకోసం ఊరికి పోవడం జరిగే పని కాదు. 2024 మే 13న ఓటు వేయడానికి హైదరాబాదు నుంచి ఆంధ్ర పల్లెలకు జనం పోటెత్తడాన్ని ప్రజాస్వామ్య పండుగగా రాశాం. ఆ పండుగకు బస్సు ఛార్జీ, రెండు రోజుల సెలవు ఉన్నవాళ్ళే వెళ్ళారు.

ఎన్నికల కమిషన్‌కు ఈ సంగతి తెలియక కాదు. 2019 ఎన్నికల్లో ముప్పై కోట్ల మంది ఓటు వేయలేదని, అందుకు వలస ఒక ముఖ్య కారణమని కమిషనే చెప్పింది. 2022 డిసెంబరులో 72 నియోజకవర్గాల ఓటర్లు ఒకేచోట ఓటు వేయగల రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను ప్రకటించింది. 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ప్రతిపక్షాలు అనేక సందేహాలు లేవనెత్తాయి. ఆ యంత్రం అక్కడే ఆగింది. వాటిలో సహేతుకమైన సందేహాలు ఉన్నాయి. కానీ ముద్ర లేని ఫారాల మీద రోజుల్లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళిన మన పార్టీలు వలస కూలీ ఓటు మీద ఏ కోర్టు గడపా ఎక్కలేదు. ఉద్యోగుల ఓట్లు ఐదు లక్షలే అయినా వాటికి సంఘాలున్నాయి, గొంతుంది. పైగా ఇప్పుడు వలసపోయినవాడికి రెండో ప్రమాదం ముంచుకొచ్చింది. 2025లో బిహార్ ప్రత్యేక సమగ్ర సవరణ ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. అందులో సుమారు 36 లక్షల పేర్ల ఎదుట కనిపించిన కారణం శాశ్వతంగా వెళ్ళిపోయారనో, ఇంటి దగ్గర లేరనో. తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. ఇల్లు తాళం వేసి ఉన్న వాడలో ఆ సెక్షను ఎవరు చదివి వినిపిస్తారు?

వలస కూలీలకు తపాలా ఓటు ఇవ్వాలనగానే నా విద్యార్థులు ఒక అభ్యంతరం చెబుతారు. అందులో పాలమూరు పిల్లలే ముందుంటారు. "సార్, కవర్లన్నీ గుంపు మేస్త్రీ సంచిలోకే పోతాయి" అంటారు. నిజమే. బయానా ఇచ్చినవాడు, కూలి కట్టేవాడు, చీటీ చదివి చెప్పేవాడు ఒకడే అయినచోట కవరు ఇంటికి పంపితే బ్లేడెన్ కౌంటీ మన లేబర్ అడ్డాలోనే పుడుతుంది. పటేలు పోయి మేస్త్రీ వచ్చినట్టవుతుంది. ఈ అభ్యంతరం నాకు శిరోధార్యం. అందుకే నేను అడుగుతున్నది ఇంటికి కవరు కాదు. ఉద్యోగికి ఇచ్చిన గదినే కూలీకీ ఇవ్వమంటున్నాను.

ఆచరణ సాధ్యమైన దారి ఇది. వలస కూలీలు ఎక్కువగా ఉండే జిల్లాల్లో కార్మికశాఖ కార్యాలయాల్లోనో, ప్రభుత్వ పాఠశాలల్లోనో పోలింగుకు ముందు వారం ఫెసిలిటేషన్ కేంద్రాలు తెరవాలి. సైనికులకు బ్యాలెట్టును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అదే పద్ధతిలో సొంత నియోజకవర్గం బ్యాలెట్టును కేంద్రంలోనే ముద్రించి ఓటరు చేతికివ్వవచ్చు. అన్ని పార్టీల ఏజెంట్లు గదిలో ఉండాలి, మేస్త్రీ గడప బయట ఉండాలి, అట్ట చాటు ఉండాలి. ఈ-శ్రమ్ పోర్టల్‌లో ముప్పై కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు నమోదయ్యారు. దరఖాస్తు స్వీకరించడానికి అది ఒక ఆరంభం కాగలదు. ముందుగా ఒకటి రెండు జిల్లాల జంటలతో, పాలమూరు-పుణె వంటి దారిలో, ప్రయోగాత్మకంగా మొదలుపెట్టవచ్చు. విచారణ ఖైదీకైతే ఇంత ఏర్పాటు కూడా అక్కరలేదు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడికి కవరు అందించే జైలు అధికారే పక్క బ్యారక్‌లోని వాడికీ అందించగలడు. కావలసింది చట్ట సవరణ.

తెర గురించి ఇంకొక్క మాట. పోస్టల్ బ్యాలెట్లను నియోజకవర్గం మొత్తానికి కలిపి లెక్కిస్తారు. నేను ఎవరికి వేశానో మూడు వేల కవర్ల మధ్య ఎవరికీ తెలియదు. దళితవాడ బూత్ లెక్క అలా కాదు. ఫారం 20లో బూత్‌వారీగా ఓట్లు బయటపెడతారు. వాడంతా ఒకే బూత్‌లో ఉంటే ఏ వాడ ఎటు వేసిందో సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత నల్లా నీళ్ళు రాకపోవచ్చు, రోడ్డు వాడ మొదట్లోనే ఆగిపోవచ్చు. కొన్ని బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల కమిషన్ 2008లోనే ప్రతిపాదించింది. 2015లో న్యాయ కమిషన్ తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఉద్యోగి ఓటుకు దక్కిన మరుగు వాడ ఓటుకు ఎందుకు దక్కకూడదో ఎవరూ వివరించలేదు.

తపాలా ఓటును అనుమానించేవాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. వారి అనుమానం చివరిదాకా వెళ్ళాలని కోరుకుంటున్నాను. కవరులో దొంగ ఓటు పడిందేమోనని ఆందోళన చెందేవాళ్ళు, కవరే అందక పడని ఓటు గురించి కూడా అంతే ఆందోళన చెందాలి. తెలంగాణ శాసనసభకు 2028లో, ఆంధ్రప్రదేశ్‌కు 2029లో మళ్ళీ ఎన్నికలు రానున్నాయి. అప్పటికి మరో బస్సు మరో పోలింగ్ బృందాన్ని మరో ఊరికి చేరుస్తుంది. దాని క్లీనరుకు ఓటు వేసివచ్చే పది నిమిషాలు, ఒక అట్ట చాటు సమకూర్చడానికి మన దగ్గర ఇంకా రెండుమూడేళ్ళ సమయం ఉంది.